వంశవృక్షం గీయడం నేర్చుకో, అమ్మలూ

ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ సీటు ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం కొంచెం గునుస్తున్నారని కూడా చెప్పింది. "బీఈడీ చేసుంటే ఊళ్లోనే టీచరు ఉద్యోగం చూసుకునేది, ఈ జన్యువుల చదువు చదివి ఎవరికేం చేస్తుంది?" అంటున్నారట. వాళ్ల బెంగ వాళ్లది, తప్పు పట్టకు. కోనసీమలో పిల్లల డాక్టరుగా పనిచేసి జుట్టు నెరిసిన పెద్దమ్మని కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు నేను చెబుతాను. విని, నీకు పనికొచ్చినంత ఉంచుకో.

ఎవరికేం చేస్తుందో 2022లో మన కళ్లముందే తెలిసింది. మన కోనసీమ పసిపాప ఒకతెకి గోషే జబ్బని తేలింది. పేపర్లలో గాకర్ వ్యాధి అని రాశారు. ఒంట్లో పాతబడిన రక్తకణాలు విరిగినప్పుడు మిగిలే ఒక రకం కొవ్వుని అరగదీసే ఎంజైము ఈ పిల్లల్లో సరిగా తయారుకాదు. ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముక మూలుగలో పేరుకుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎముకలు నొప్పెడతాయి. లోపించిన ఎంజైముని బయట తయారుచేసి రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించడమే దానికి వైద్యం, అదీ జీవితాంతం. అమెరికాలో రోస్కో బ్రాడీ అనే డాక్టరు ఏళ్ల తరబడి ఆ ఒక్క జబ్బునే పట్టుకుని పనిచేస్తే, 1991లో అక్కడ ఆ మందుకి అనుమతి వచ్చింది. దాని ఖరీదు మామూలు సంసారానికి ఊహలో కూడా అందదు. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ పాపకి కోటి రూపాయలు మంజూరు చేసింది. ఇంజక్షన్లు అమలాపురం ప్రభుత్వాసుపత్రిలోనే మొదలుపెట్టారు.

ఊరంతా కోటి రూపాయల గురించి మాట్లాడుకుంది. నా మనసు దానికి ముందు జరగాల్సిన పని మీద నిలిచింది. పొట్ట ఉబ్బి, పాలిపోయిన పిల్ల వస్తే మామూలుగా ఏం చేస్తాం? మలేరియా చూస్తాం, నులిపురుగుల మందిస్తాం, ఐరన్ టానిక్ రాస్తాం. నూటికి తొంభై మందికి అదే సరైన వైద్యం. మిగిలినవాళ్ల దగ్గర ఎవరో ఒకరు ఆగి, ఇది వేరే ఏదో అని అనుమానించి, ఎంజైము పరీక్షకి పంపి, జన్యువు చదివించి, జబ్బుకి పేరు పెట్టాలి. పేరు లేని జబ్బుకి మందు వెతకలేం, అర్జీ పెట్టలేం, మంజూరు అడగలేం. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రం యాభై లక్షల దాకా సాయం చేస్తోంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అందుకో కేంద్రంగా ఉన్నాయి. అక్కడి దాకా వెళ్లాలన్నా చేతిలో జబ్బు పేరున్న కాగితం ఉండాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో పేరే లేకుండా పోయిన పిల్లలు ఎందరో. నువ్వు చదవబోయేది ఆ పేరు పెట్టే చదువు. ఇంట్లో పెద్దవాళ్లు మళ్లీ అడిగితే ఈ మాటే చెప్పు.

ఇక మెషీన్ల సంగతి నీకు మీ మాస్టార్లు నేర్పుతారు. నేను చెప్పాలనుకున్నది కాగితం, పెన్సిల్ గురించి. మగవాడికి చతురస్రం, ఆడమనిషికి వృత్తం, జబ్బున్నవాళ్లకి లోపల నలుపు, పోయినవాళ్లకి ఏటవాలు గీత, దగ్గరి చుట్టరికంలో పెళ్లికి జంట గీత, మన దగ్గరికి మొదట వచ్చిన బిడ్డకి బాణం. ఈ గుర్తులు ఒక్కపూటలో వచ్చేస్తాయి. ఆ గడుల్ని నిజంతో నింపడం మాత్రం ఏళ్ల మీద అబ్బే విద్య, అది ఏ సిలబస్‌లోనూ సరిగ్గా ఉండదు.

"ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగితే బతికున్నవాళ్లనే లెక్క చెబుతారు. "ఎన్ని కాన్పులు?" అని అడగాలి. అడిగి ఊరుకోవాలి, తొందరపెట్టకూడదు. పక్కన అత్తగారుంటే కోడలు తల దించుకుంటుంది. పెద్దావిడని మర్యాదగా బయట బెంచీ మీద కూర్చోబెట్టించి మళ్లీ అడిగితే, పెళ్లయిన కొత్తలో ఏడో నెలలో పోయిన కడుపు, పురిట్లోనే పోయిన మగబిడ్డ బయటికొస్తారు. "వాడికీ ఇలాగే పొట్ట ఉబ్బిందమ్మా" అన్న ఒక్క మాట అప్పుడు వస్తుంది చూడు, దానికోసమే నువ్వు అంతసేపు కూర్చున్నది.

అలాగే "మీది మేనరికమా?" అంటే "అబ్బే, బయటి సంబంధమేనండీ" అంటారు. అక్కడితో వదిలేయకు. మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరు, మీ మావగారి తల్లిది ఏ ఊరు అని అడుగు. రెండు జవాబులూ ఒకే లంకలో తేలడం నాకు ఎన్నోసార్లు అనుభవం. గోదావరి పాయల మధ్య రేవు దాటి పిల్లని ఇవ్వడమే పెద్ద దూరమనుకున్న తరాలు మనవి. ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, ఇంక చుట్టరికం ఎక్కడిదని మనవాళ్ల ధీమా. ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది కదా. మేనమామ కూతురి ఇంటిపేరూ వేరే, గోత్రమూ వేరే. తల్లి వైపు నుంచి వచ్చినదేదీ ఇంటిపేరులో కనపడదు. దాన్ని కనపడేలా చేసేది నీ చేతిలోని కాగితమే.

మేనరికం మాట వచ్చింది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను, ఇక్కడే చదువుకున్నవాళ్లు ఎక్కువగా నోరు జారేది. గోషే లాంటి జబ్బుల్లో ఒక జన్యువుకి ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. తల్లీ తండ్రీ ఇద్దరూ చెడిన ప్రతి మోస్తుంటేనే బిడ్డకి ప్రమాదం, అదీ ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు. బావామరదళ్ల పెళ్లిలో బిడ్డకి ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామే మేనకోడల్ని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. లెక్క ఇంతే. ఏ దంపతులకైనా నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం రావచ్చు. బావామరదళ్ల పెళ్లిలో అది ఐదారుగురికి చేరుతుంది. అంటే మిగిలిన తొంభై నలుగురూ చక్కగా పుడతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లిళ్లలో దాదాపు నాలుగో వంతు దగ్గరి చుట్టరికంలోనివే. ఇంతమందినీ తప్పు చేసినవాళ్లలా చూస్తే ఒక్కరూ నీ దగ్గర నిజం చెప్పరు. కొబ్బరితోట చీలకూడదనో, పిల్ల కళ్లముందుంటుందనో, పోతూపోతూ అమ్మ మాట తీసుకుందనో చేసుకున్నారు. ఆ మనుషుల్ని గౌరవించి, ఆ తర్వాత లెక్క చెప్పు.

ఆ నాలుగింట ఒక వంతు లెక్క చెప్పడం కూడా ఒక పనే. "పెద్దాడికి వచ్చేసింది కదా డాక్టరమ్మగారూ, ఇంక ముగ్గురి దాకా భయం లేదు" అని ధైర్యంగా వెళ్లిపోయే జంటలుంటారు. నోటితో చెబితే సరిపోదు. నాలుగు చీటీలు కత్తిరించు. భర్త చేతిలో రెండు, భార్య చేతిలో రెండు. ఒక్కో జతలో ఒకదాని మీద చుక్క పెట్టు. ఒకరి చీటీ ఒకరు తీయాలి, చూసి మళ్లీ కలిపెయ్యాలి, మళ్లీ తీయాలి. వరసగా రెండుసార్లు రెండు చుక్కలూ పడితే గదిలో మాట ఆగిపోతుంది, ఇంక నువ్వు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ చీటీల వల్ల ఇంకో మేలు కూడా ఉంది. చుక్క ఇద్దరి చేతుల్లోనూ ఉందని భర్త తన కళ్లతో చూస్తాడు. మనూళ్లలో బిడ్డకి ఏం వచ్చినా "వాళ్ల వైపు నుంచే వచ్చింది" అని కోడలి పుట్టింటి మీదికి తోసేస్తారు. అబ్బాయి రక్తపరీక్ష కూడా తప్పనిసరని మొదటి రోజే చెప్పు. ఈ విషయంలో మొహమాటపడితే ఒక ఆడపిల్ల కాపురం కూలుతుంది, గుర్తుంచుకో.

ఈ పనిలో మన గోదావరి వాళ్లు మొదటి నుంచీ ఉన్నారు తల్లీ. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారి పేరు నీ పుస్తకాల్లో వస్తుంది. ప్రపంచమంతా గౌరవించే జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వస్తే, ఈయన వెళ్లి శిష్యుడిగా చేరారు. పి. మీరాఖాన్‌గారితో కలిసి ఆంధ్రదేశపు మేనరికాల మీద 1960ల మొదట్లోనే వ్యాసాలు ప్రచురించారు. ఆయన మరో పని నాకు ఇంకా ఇష్టం. కొందరు మగవాళ్లకి చెవి అంచున ఒత్తుగా వెంట్రుకలు మొలుస్తాయి కదా, అది తమ కుటుంబంలోనే తండ్రి నుంచి కొడుక్కి వస్తోందని గమనించి వంశవృక్షం గీశారు. ఆ లక్షణం మగవాళ్లకి మాత్రమే ఉండే వై క్రోమోజోము మీద ఉందని అప్పుడు తేల్చారు. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 2004లో దక్షిణ భారత మగవాళ్ల వై క్రోమోజోములని నేరుగా పరీక్షించి చూస్తే ఆ లంకె కనపడలేదు. వంశవృక్షాల్లో ఆయన చూసి రాసినది ఇప్పటికీ సరైనదే, దాని నుంచి తీసిన నిర్ణయాన్నే కొత్త పరీక్ష పక్కన పెట్టింది. అందుకే నీ రికార్డు పుస్తకంలో మధ్యన ఒక నిలువు గీత గీసుకో. ఎడమ వైపు చూసింది, కుడి వైపు అనుకున్నది. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా నీ పుస్తకం తెరిస్తే ఎడమ వైపంతా వాళ్లకి పనికిరావాలి.

మేనరికాలు మానేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకు. సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన తంగరాజ్‌గారు, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలని పరిశీలించి ఒక పెద్ద విషయం బయటపెట్టారు. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరాల తరబడి లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయి. ఈ విషయంలో ప్రపంచంలో ఎప్పుడూ ఉదాహరణగా చెప్పే ఫిన్లండు వాళ్లని, అష్కెనాజీ యూదులని కూడా మించిపోయాయి. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకి పైనే. అంటే చుట్టరికమే లేని ఇద్దరు ఒకే కులంలో పెళ్లి చేసుకున్నా, ఎప్పుడో వెనకటి తాత ఒకరి నుంచి వచ్చిన ఒకే చెడిన ప్రతి ఇద్దరి దగ్గరా ఉండవచ్చు.

ఇందులో భయం ఎంత ఉందో ఉపాయం అంతకంటే ఎక్కువ ఉంది. ఒక సమూహంలో ఏ మార్పు తిరుగుతోందో తెలిస్తే చవగ్గా పరీక్ష పెట్టొచ్చు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలించే ఒక మందు ఇస్తే అది తొందరగా విరగదు, ఊపిరి చాలాసేపు తిరిగి అందుకోదు. కారణం ఏ ఎంజైము లోపమో తెలిసింది కాబట్టి ఇప్పుడు మత్తు డాక్టరు ముందే అడిగి మందు మారుస్తాడు, ప్రాణం మీదికి రాదు. సైప్రస్ దేశం పెళ్లికి ముందే తలసీమియా పరీక్ష చేయించుకునే పద్ధతి పెట్టుకుని, ఆ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా చేసుకుంది. మన పైన రంపచోడవరం ఏజెన్సీలో సికిల్ సెల్ రక్తజబ్బు ఉంది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ 2047 నాటికి దాన్ని లేకుండా చేయాలంటోంది. ఆ పని మీద ఊళ్లు తిరగాల్సింది మీ తరమే. ఒక్కటి గుర్తుంచుకో, ఏ కులం పేరైనా, ఏ తెగ పేరైనా నీ రాతలో జబ్బుకి మారుపేరు కాకూడదు. ఆ జబ్బు ఉన్నవాళ్లు ఎప్పుడూ ఆ సమూహంలో కొద్దిమందే.

ల్యాబ్ సంగతి కొంచెం. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, మన పిల్లల రక్తం రాత్రి బస్సులోనో కొరియర్‌లోనో హైదరాబాదు వెళ్లాలి. డీఎన్ఏకి ఊదా మూత గొట్టం, క్రోమోజోముల పరీక్షకి ఆకుపచ్చ మూత గొట్టం. ఊదా మూత ఒకరోజు ఆలస్యమైనా తట్టుకుంటుంది. ఆకుపచ్చదానిలో కణాలు బతికుండాలి, ఐస్ గడ్డల మీద పెట్టి గడ్డకట్టిస్తే పరీక్షే జరగదు. గోషేలాంటి వాటికి కాగితం కార్డు మీద రక్తపు బొట్లు ఆరబెట్టి పంపినా చాలు. అయితే మన గాలిలో తేమ ఎక్కువ. మూడు నాలుగు గంటలు నీడన బల్లపరుపుగా ఆరనిచ్చి, తేమ పీల్చే పొట్లం వేసి మూసిపెట్టకపోతే ఎంజైము చచ్చిపోయి, జబ్బు లేని బిడ్డకి ఉన్నట్టు వస్తుంది. నువ్వు రేపు ఎంత పెద్ద ల్యాబులో కూర్చున్నా, ఆ కార్డు ఏ పీహెచ్‌సీలో, ఏ వర్షంలో ఆరిందో అడిగే అలవాటు ఉంచుకో.

రిపోర్టు చదవడంలోనూ అంతే ఓపిక కావాలి. గోషే జన్యువు జీబీఏ1 పక్కనే, అచ్చం దాన్నే పోలిన, పనిచేయని నకలు ఒకటి ఉంది. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరున్న రెండిళ్లుంటే ఉత్తరాలు అటూఇటూ పడినట్టు, మెషీన్ ఒకదాని అక్షరాలు రెండోదానికి అంటగడుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఎల్444పి మార్పు ఆ నకలులో పుట్టుకతోనే ఉంటుంది. రెండో పద్ధతిలో సరిచూసుకోకుండా సంతకం పెట్టకు. ఆ మార్పు రెండు ప్రతుల్లోనూ ఉంటే జబ్బు నరాలకీ పాకే అవకాశం ఎక్కువ. ఎక్కించే ఎంజైమేమో మెదడులోకి వెళ్లలేదు. ఒక్క అక్షరం మీద ఒక కుటుంబం ఆశలన్నీ ఆధారపడి ఉంటాయి.

ఇంకా, "అర్థం ఇంకా తేలని మార్పు" అని ఒక తరగతి ఉంది. 2015 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఐదు మెట్ల వర్గీకరణలో అది నడిమి మెట్టు. మనవాళ్ల రిపోర్టుల్లో అది ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే పోల్చిచూసే భాండాగారాల్లో యూరప్ జనాల జన్యువులే నిండి ఉన్నాయి. 2025 జనవరిలో పదివేల మంది భారతీయుల జన్యుసమాచారం పరిశోధకులకి అందుబాటులోకి వచ్చింది, ఈ పరిస్థితి మెల్లగా మారుతుంది. అందాకా ఆ నడిమి మెట్టు చూపించి ఎవరికీ కడుపు తీయించుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తేలలేదంటే తేలలేదనే చెప్పాలి, మళ్లీ ఏడాది తర్వాత చూద్దాం రండి అని నంబరు రాసుకోవాలి.

గుట్టు గురించి మన జిల్లాలో పుట్టినదానికి చెప్పాలా? పొద్దున రాజోలులో అన్న మాట సాయంత్రానికి కొత్తపేట సంతలో వినిపిస్తుంది. అన్నకి పరీక్ష చేస్తే చెల్లెలి సంబంధం చెడుతుంది. అందుకని ఎవరి ఫలితం వాళ్లకే, విడిగా కూర్చోబెట్టి. పెళ్లి మాట్లాడుకునే పెద్దలు "ఏం తేలిందమ్మా" అని చనువుగా అడిగినా నోరు విప్పకు, నన్నడిగినా సరే. గర్భంలో పరీక్షల విషయానికొస్తే 1994 చట్టం ఉంది. ఆడా మగా అని కనుసైగతో చెప్పినా నేరమే. రిజిస్ట్రేషన్ లేని చోట అడుగు పెట్టకు.

చివరగా నీ బతుకుతెరువు. ఎమ్మెస్సీ ఒక్కటీ అయ్యేసరికి చేతికి వచ్చే ఉద్యోగాలు ఎక్కువ లేవు, ఉన్నవి హైదరాబాదు, బెంగళూరు డయాగ్నొస్టిక్ ల్యాబుల్లో ఉన్నాయి, మొదట్లో జీతం తక్కువ. ఈ నిజం మీ నాన్నకి ఇప్పుడే చెప్పు, తర్వాత తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటాడు. స్టాటిస్టిక్స్ అంటే పారిపోకు. కంప్యూటర్‌లో ఆర్, పైథాన్ రెండింట్లో ఒకటైనా చేతికి వచ్చేదాకా వదలకు. సీఎస్‌ఐఆర్ నెట్‌కి మొదటి ఏడాది నుంచే కూర్చో. ఫెలోషిప్ వస్తే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి చోట పీహెచ్‌డీకి తలుపు తెరుచుకుంటుంది, మీ నాన్న పొలం మీద అప్పు పడదు. విదేశంలో ఏడాది మాస్టర్స్ అని ఏజెంట్లు వస్తారు. అక్కడ సొంత ప్రాజెక్టుకి ఎన్ని నెలలు, ఎవరి ల్యాబులో, రోగుల కుటుంబాలతో కూర్చునే అవకాశం ఉందా అని రాతపూర్వకంగా అడుగు. జవాబు రాకపోతే డబ్బు కట్టకు. కౌన్సెలింగ్ వైపు మనసు పోతే ఇంకా మంచిది, తెలుగులో నిదానంగా చెప్పగల జెనెటిక్ కౌన్సెలర్లు చాలా తక్కువమంది ఉన్నారు. ఎక్కడ స్థిరపడ్డా నాకు అభ్యంతరం లేదు. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం అమలాపురంలో కూర్చుని, బస్సు ఛార్జీలు పెట్టుకోలేనివాళ్లకి రిపోర్టులు చదివి చెప్పు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మన ఇంటి వంశవృక్షం మూడు తరాలది గీసుకుని రా. మా అమ్మమ్మ వైపు రెండు జంట గీతలున్నాయి, ఒకటి నేను చెబుతాను, రెండోది నువ్వే పట్టుకో. మీ నాన్నమ్మకి చిన్నప్పుడే పోయిన ఇద్దరు బిడ్డలున్నారు, ఆవిడ ఎవరితోనూ ఆ మాట ఎత్తదు. ఎందుకడుగుతున్నావో ముందు చెప్పి, ఆవిడ సరేనంటేనే రాయి. వద్దంటే ఆ రెండు గడులూ ఖాళీగా వదిలేసి తీసుకురా.